ఎదురు సరుకు: పర్లాకిమిడి గోడౌన్ డైరీ, జూన్ నుంచి డిసెంబరు వరకు

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో చిన్న హోల్‌సేల్ వ్యాపారం. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, ఇండక్షన్ స్టౌలు, కెటిల్స్, ఎల్‌ఈడీ బల్బులు అమ్ముతాం. మూడు లైన్ల మీద 46 దుకాణాలకు సరుకు వేస్తాం. కాశీనగర్–గుణుపూర్ లైన్లో 19, గుమ్మ–సెరంగ కొండ లైన్లో 12, ఆర్.ఉదయగిరి–మోహన లైన్లో 15.

సరుకు వెళ్ళే దారి మా నాన్న కాలం నుంచి తెలిసిందే. చెడిపోయి, పగిలి, అమ్ముడుపోక వెనక్కొచ్చే సరుకు సంగతే ఎవరూ పట్టించుకోలేదు. కంపెనీ మీటింగుల్లో దీన్ని రివర్స్ సప్లై చైన్ అంటారు, దానికి ఫ్లెక్సిబిలిటీ, అంటే అవసరాన్ని బట్టి మార్చుకునే వీలు, ఉండాలని స్లైడ్లు చూపిస్తారు. మా డ్రైవరు 'ఎదురు సరుకు' అంటాడు. నాకు ఆ మాటే నచ్చింది.

మాలాంటి చిన్న డీలర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కంపెనీల పేర్లు రాయను, వాళ్ళతో నాకింకా వ్యాపారం ఉంది.

దశ 0: కుప్ప లెక్క (జూన్)

గోడౌన్ వెనక గది తెరిచి, అందులో ఉన్నవన్నీ వరండాలోకి తీయించాం. నేనూ, మా బావమరిదీ, డ్రైవరూ కలిసి రెండు రోజులు కూర్చుని లెక్కపెట్టాం.

మిక్సీలు 61, ఫ్యాన్లు 47, ఇస్త్రీపెట్టెలు 38, ఇండక్షన్ స్టౌలు 22, కెటిల్స్ 19.
మొత్తం: 187. వేలాడే కాటా మీద 538 కేజీలు. మా కొనుగోలు ధర ప్రకారం 2,47,000 రూపాయలు.

బల్బులు వేరుగా 640.

ఆ రెండు లక్షల నలభై ఏడు వేల అంకె ఇంట్లో చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను గానీ మా ఆవిడ ఇలాంటివి చదవదు.

187లో తేదీ ఉన్న చీటీ 112కే ఉంది. ఆ 112లోనూ 49కి కంపెనీ క్లెయిము గడువు దాటిపోయింది. మిగతా 75 ఏ దుకాణం నుంచి, ఎప్పుడు వచ్చాయో దేవుడికే తెలియాలి. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. మా గదిలో పడి ఉండే గడువు దాటాయి.

తర్వాత మిక్సీలు, ఫ్యాన్లు ఒక్కోటీ పరీక్ష పెట్టాం. కెపాసిటర్ కూడా కొలిచే మల్టీమీటరు, సిరీస్ బోర్డు (బల్బు గుండా కరెంటు పంపి వస్తువును పరీక్షించేది), స్క్రూడ్రైవర్లు, తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర అరువు తెచ్చిన మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు). సిరీస్ బోర్డుకు 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి. అది దొరకబుచ్చుకోవడానికే ఒక పూట పట్టింది.

మిక్సీలు 61:
– కింద ఎర్ర బటన్ (ఓవర్‌లోడ్) నొక్కితే చాలు, తిరిగినవి: 14
– కప్లర్ (జారును మోటారుకు కలిపే పళ్ళ చక్రం) విరిగినవి: 11
– కార్బన్ బ్రష్‌లు (తిరిగే మోటారుకు కరెంటు అందించే ముక్కలు) అరిగినవి: 9
– స్విచ్, వైరు పోయినవి: 8
– వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) కాలినవి: 16
– జారో బాడీయో పగిలినవి: 3

ఫ్యాన్లు 47:
– కెపాసిటర్: 21
– బేరింగ్: 9
– వైండింగ్: 12
– ఏ లోపమూ లేనివి: 5

మొదటి వరుస మళ్ళీ చదవండి. 61 మిక్సీల్లో 14కి ఏమీ కాలేదు. చట్నీ గట్టిగా ఉండి మోటారు మీద భారం పడితే ఆ బటన్ పడిపోతుంది. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. కొన్నవాళ్ళకు తెలియదు, దుకాణదారు చూడలేదు, మా సేల్స్‌మేన్ అడగలేదు. ఆ 14 మిక్సీలు కొండ దిగి 60 కిలోమీటర్లు వచ్చి మా గదిలో దుమ్ము తిన్నాయి. ఏ లోపమూ లేని 5 ఫ్యాన్లదీ అదే కథ. వాటిని ఇచ్చినవాళ్ళ ఊళ్ళో సాయంత్రం వోల్టేజి ఉండదు, ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, అంతే.

జూన్ ఖర్చు: మీటరు 1,150, కాటా 650, ప్లాస్టిక్ క్రేట్లు 6కి 4,200, రంగు స్టిక్కర్లు 380.
మొత్తం: 6,380.

దశ 1: నెలకోసారి, మూడు క్రేట్లు (జూలై–సెప్టెంబరు). ఇది బెడిసికొట్టింది.

పథకం కాగితం మీద ముచ్చటగా ఉంది. ప్రతి నెలా చివరి ట్రిప్పులోనే ఎదురు సరుకు ఎక్కించాలి. బండిలో 'కంపెనీ', 'రిపేరు', 'తుక్కు' అని మూడు జతల క్రేట్లు. స్టిక్కరు రంగు చూసి క్రేటులో వేయడమే. నెలకు 30 దాకా వస్తాయని వేసుకున్నాను.

జూలైలో దుకాణాల వాళ్ళు 71 బయటపెట్టారు. తీసుకెళ్తున్నారట అని తెలిసి ఏళ్ళ తరబడి అటక మీదున్నవి కూడా దింపారు. మా బండి చిన్న ఏస్ మినీ ట్రక్కు. 45 ఎక్కించి 26 అక్కడే వదిలేశాం. వదిలేసినవన్నీ కొండ లైన్లోనివే, ఎందుకంటే ఆ లైన్ ఆఖరున పెట్టుకున్నాం. గుమ్మ వైపు ఒక దుకాణదారు అన్న మాట: "సరుకు దింపీటప్పుడు నవ్వుతారు బాబూ, ఎత్తుకెళ్ళమంటే మొకం సాటేస్తారు."

ఆ 26లో 15 ఆగస్టు లోపే పాత సామాన్ల వాడి బండెక్కాయి. దుకాణదార్లు కేజీ లెక్కన అమ్మేసి, ఆ నష్టం మా బిల్లులో కోసుకున్నారు.

ఆగస్టు: కొత్తవి 9, జూలైలో మిగిలినవి 11. తెచ్చినవి 20.
సెప్టెంబరు: 22. అన్నీ తెచ్చాం.
మూడు నెలల్లో దుకాణాలు ఇస్తామన్నవి 102. తెచ్చినవి 87.

సగటు నెలకు 34. ఇస్తామన్నవి 71, 9, 22. 34కి దగ్గరగా వచ్చిన నెల ఒక్కటీ లేదు. సగటు చూసి బండిలో చోటు కేటాయించడమే నా మొదటి పెద్ద తప్పు. వెళ్ళే సరుకుకు ఆర్డరు ఉంటుంది, ఎదురు సరుకుకు ఉండదు. ఒకేసారి మీద పడుతుంది, లేదా అసలు రాదు.

నిజానికి ఈ సంగతి మాకు ఎప్పుడో తెలిసి ఉండాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులే పోయారు, సామాన్ల గురించి మాట్లాడడం తర్వాతి మాట. ఆ తర్వాతి పది రోజుల్లో తడిసిన సరుకు గోడౌన్ నిండా వచ్చిపడింది. అన్నీ కలిపి కుప్ప పోశాం. తీరా ఒక కంపెనీ, ఏ దుకాణంలో ఏది తడిసిందో ఫోటోలతో విడివిడిగా పంపమంది. కుప్పలోంచి ఏం తీస్తాం? అప్పటి సరుకులో కొంత ఈ జూన్ లెక్కలో కూడా దొరికింది.

క్రేట్లూ కుదరలేదు. ఒక జత క్రేట్లు పొంగిపోయేవి, పక్కన ఇంకో జత ఖాళీ. ఫ్యాన్ల రెక్కలు క్రేటులో పట్టవు, వంగిపోతే కంపెనీ తీసుకోదు. ఇక స్టిక్కర్లు వానకు ఊడిపోయి బండి అడుగున అతుక్కున్నాయి.

మార్చినవి:

1. క్రేట్లు తీసేశాం. గోనెసంచులు 30, రెండు చెక్క పలకలు, తాడు. బండి గోడకు రంధ్రాలు వేసి పలకలు ఎక్కడైనా కట్టుకునేలా చేశాం. ఆ రోజు ఏది ఎక్కువైతే దానికే చోటు.
2. స్టిక్కర్లకు బదులు గుడ్డ పీలికలు. పాత చీరలు చించి వైరుకు ముడి వేస్తాం. తెల్లగుడ్డ అంటే వారంటీలో ఉంది, విప్పొద్దు. ఎర్రగుడ్డ అంటే మనమే బాగుచేద్దాం. ముడి లేదంటే ఇంకా తేలలేదు. మా దుకాణదార్లలో కొందరికి తెలుగు చదవడం రాదు, మా హెల్పరుకు ఒడియా రాదు, కాబట్టి గుడ్డే నయం.
3. నెలాఖరు ట్రిప్పు రద్దు. ప్రతి ట్రిప్పులోనూ వచ్చేటప్పుడు బండిలో పావు వంతు ఖాళీగా ఉండాల్సిందే. గుణుపూర్ నుంచి వచ్చేటప్పుడు బయటి కిరాయి సరుకు వేసుకునేవాళ్ళం, అది తగ్గింది. ట్రిప్పుకు సుమారు 300 పోతుంది. ఎదురు సరుకుకు చోటు ఉంచుకోవడానికి అయ్యే అసలు ఖర్చు ఇదే, ఊరికే రాదు.
4. ఉప్పెనలా వస్తే పక్కింటి ధాన్యం షెడ్డు, రోజుకు 150 చొప్పున. వాడినన్ని రోజులకే డబ్బు.

సంచులకు 600, పలకలు, తాడుకు 740.
ఇప్పటిదాకా మొత్తం: 7,720.

క్రేట్లు ఇంట్లో ఉల్లిపాయలకు పనికొస్తున్నాయి.

మధ్యలో ఒక దెబ్బ: విప్పకూడనివి విప్పాం

ఆగస్టులో ఉత్సాహం ఎక్కువై, మా బావమరిది 6 మిక్సీల అడుగు విప్పి బ్రష్‌లు చూశాడు. ఆరూ వారంటీలో ఉన్నవే. అడుగున ఒక స్క్రూ మీద చిన్న కాగితం సీలు ఉంటుంది, అది చిరిగింది. కంపెనీ డిపో ఆరూ తిప్పి పంపింది. 6 × 1,900 = 11,400 నష్టం. వాడిని అనడానికి లేదు, చూడమన్నది నేనే. తెల్లగుడ్డ నియమం పుట్టింది ఇక్కడే.

దశ 2: పరీక్షను దుకాణం దగ్గరికి తీసుకెళ్ళడం (అక్టోబరు–డిసెంబరు)

ఏది ఎటు పోవాలన్నది గోడౌన్‌లో తేల్చేసరికి సగం ఖర్చు అయిపోయి ఉంటుంది. అందుకని పరీక్షను బండిలోకి ఎక్కించాం.

కొండ మీద కరెంటు నమ్ముకోలేమని, బండి బ్యాటరీ మీద నడిచే 300 వాట్ల ఇన్వర్టరు కొన్నాను, 2,300 పెట్టి. మిక్సీ స్విచ్ వేయగానే ఇన్వర్టరు కీచుమని ఆగిపోయింది. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు, మిక్సీ మీద రాసిన వాట్ల కంటే చాలా ఎక్కువ. పైగా మా మిక్సీలు 500, 750 వాట్లవి. ఈ లెక్క కొనేముందు వేసుకోవాల్సింది. ఇప్పుడది డ్రైవరు ఫోను ఛార్జింగుకు.

కాబట్టి నడిపి చూడడం మానేశాం. కరెంటు లేకుండానే చేసే పరీక్ష ఇది:

1. అడగాలి: ఆగిపోయే ముందు ఏం రుబ్బుతున్నారు? పొగ వచ్చిందా?
2. తిరగేసి ఎర్ర బటన్ నొక్కాలి. మోటారు వేడిగా ఉంటే పది నిమిషాలు ఆగాలి.
3. కప్లర్‌ను చేత్తో తిప్పాలి. పళ్ళు పోయాయా, మోటారు బిగుసుకుందా తెలుస్తుంది.
4. అడుగు సందుల దగ్గర ముక్కు పెట్టాలి. కాలిన వైండింగ్ వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోరు.
5. స్విచ్ ఆన్‌లో పెట్టి ప్లగ్ రెండు పిన్నుల మధ్య మీటరు పెట్టాలి. మా చేతికొచ్చిన మంచి మిక్సీలు 12 నుంచి 30 ఓమ్‌ల మధ్య చూపించాయి. అసలేమీ చూపకపోతే బటనో, బ్రష్షో, వైరో తెగినట్టు.

సీలింగ్ ఫ్యానుకు కెపాసిటర్ ఒక్కటే చూస్తాం. మావాటిలో ఎక్కువ 2.5 మైక్రోఫారడ్‌వి. మీటరులో 1.8 కంటే తక్కువ చూపిస్తే అక్కడే మార్చేస్తాం. తీగ కోసి, ముడి వేసి, టేపు చుట్టడమే.

ఒక్కోదానికి మూడు నిమిషాలు పడుతుందనుకున్నాను. ఫోనులో టైమరు పెట్టి కొలిస్తే 11 నిమిషాలు. మాట్లాడుకోవడం, టీ, సామాను కింద ఎక్కడో ఉన్న మిక్సీని వెతకడం, ఇవన్నీ కలిపి. కొండ లైన్ మామూలుగా సాయంత్రం 5:40కి ముగిసేది. జూలైలో ఎదురు సరుకు ఎక్కించిన రోజు రాత్రి 9:15 అయింది. అక్టోబరులో పరీక్షలతో 8:50. చీకట్లో ఘాటీ దిగనని డ్రైవరు తేల్చి చెప్పాడు, ఆయన అన్నదే న్యాయం.

నవంబరు నుంచి, బండి బయల్దేరే ముందురోజు దుకాణదారు వాట్సాప్‌లో చిన్న వీడియో పెట్టాలి. వస్తువు, అడుగు భాగం, సీలు, సీరియల్ నంబరు కనిపించాలి. ఎర్ర బటన్ పని ఫోనులోనే చెప్పేస్తాం. సిగ్నల్ లేని ఊళ్ళ వాళ్ళు సంతకు వచ్చినప్పుడు పెడతారు. కొండ లైన్ ఇప్పుడు 6:50కి ముగుస్తోంది.

అక్టోబరు: ఇస్తామన్నవి 38, అక్కడే తేలినవి 13, తెచ్చినవి 25.
నవంబరు: 52, తేలినవి 17 (ఫోనులో 9), తెచ్చినవి 35.
డిసెంబరు: 19, తేలినవి 6 (ఫోనులో 4), తెచ్చినవి 13.
మూడు నెలల మొత్తం: 109లో 36 అసలు బండెక్కలేదు. తెచ్చినవి 73.
జూలై నుంచి గోడౌన్‌కు చేరినవి: 87 + 73 = 160.

నవంబరులో 52 ఇస్తామన్నా, తేవాల్సినవి బండిలో పట్టాయి. ముందురోజే వీడియోలు చూశాం కాబట్టి పలకలు ఎక్కడ కట్టాలో తెలిసింది. ఒక్కసారి మాత్రం సెరంగ వైపు ఎక్కువైతే, సిమెంటు దింపి ఖాళీగా కిందికొస్తున్న పికప్‌లో 8 వేసి పంపాం, ఒక్కోదానికి 15 రూపాయలు. ఆ పికప్ వాళ్ళ నంబర్లు మూడు ఇప్పుడు బండి డ్యాష్‌బోర్డు మీద రాసి ఉన్నాయి.

ఖర్చు: ఇన్వర్టరు 2,300, కెపాసిటర్లు, కప్లర్లు, బ్రష్‌లు తొలి విడత 2,480.
ఇప్పటిదాకా మొత్తం: 12,500. అందులో వృథా (క్రేట్లు, స్టిక్కర్లు, ఇన్వర్టరు) 6,880. సగానికి పైనే.

దశ 3: ఎటు పంపాలి

మా ఇన్వాయిసులు ఒడిశా డిపో నుంచి వస్తాయి కాబట్టి వారంటీ సరుకు కటక్‌కు వెళ్ళాలి. విశాఖ మాకు దగ్గర, కటక్ దానికి దాదాపు రెట్టింపు దూరం. అయినా విశాఖకు పంపితే తీసుకోరు, రాష్ట్రం వేరు, ఖాతా వేరు. డిపో 10 పెట్టెలకు తక్కువైతే బుక్ చేయనివ్వదు. క్రెడిట్ నోటు (వెనక్కిచ్చిన సరుకు విలువను మా ఖాతాలో జమ చేసే కాగితం) రావడానికి, మొదటి 18 నోట్ల సగటు, 41 రోజులు.

మొదట్లో నా నియమం సూటిగా ఉండేది: వారంటీలో ఉంటే కంపెనీకి, లేకపోతే రిపేరుకు. ఆగస్టులో 4 పెట్టెలు ఉన్నాయి, పదికి చేరేదాకా ఆగుదామని ఆగితే వాటిలో రెండింటికి గడువు దాటింది. అప్పుడు 'శనివారం లెక్క' మొదలుపెట్టాం:

1. తెల్లగుడ్డవి లెక్కపెట్టాలి. 10 చేరితే కటక్‌కు బుకింగ్.
2. చేరకపోయినా, ఏ ఒక్కదానికైనా గడువు 15 రోజుల్లో ఉంటే గుణుపూర్ డీలరుతో కలిపి పంపాలి.
3. ఎర్రగుడ్డవి మెకానిక్ చేతిలో ఎన్ని ఉన్నాయో చూసి ఇవ్వాలి.
4. వైండింగ్ కాలి, వారంటీ కూడా లేకపోతే విప్పి జార్లు, స్విచ్, కప్లర్ విడిగా తీసిపెట్టాలి.
5. ముడి లేనివి శనివారం దాటి ఉండకూడదు. ఏదో ఒక ముడి పడాల్సిందే.

రెండో అంశంలోని గుణుపూర్ డీలరు మాకు పోటీదారు. ఆయన్ను అడగడానికి మొహమాటపడి నెల పోగొట్టాను. అడిగితే, "నాదీ అదే బాధ బాబూ" అన్నారు. తొలిసారి కలిపి పంపినప్పుడు సీరియల్ నంబర్లు ఒకే కాగితం మీద రాశాం. నావి 3 ఆయన ఖాతాలో జమయ్యాయి. ఆయన నగదు ఇచ్చేశారు గానీ ఇద్దరి జీఎస్టీ లెక్కలూ సర్దుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఒకే లారీ, రెండు పార్సిళ్ళు, రెండు జాబితాలు.

రీవైండింగ్, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టడం, దాని కథ వేరు. ఆ పని చేసే మంచి వైండరు మామ ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్నారు. పాతపట్నం మాకు పక్క వీధి లాంటిది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని గీత గీసి పంచారు. చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు, మా మేనత్త ఇల్లు అటే. అదే అలవాటులో సెప్టెంబరులో 11 మోటార్లు ఆటోలో వేసుకుని వెళ్ళాను, కాగితం ముక్క లేకుండా. చెకింగులో ఆపారు. తప్పు నాదే. మూడు గంటలు నిలబడ్డాను.

తర్వాత మా ఆడిటరు చెప్పింది రాస్తున్నాను, చాలామందికి తెలియదు. మామూలుగా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం) 50,000 దాటిన సరుకుకే అనుకుంటాం. కానీ జాబ్‌వర్క్ (మన సరుకు మీద ఇంకొకరి చేత పని చేయించుకోవడం) కోసం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపితే విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు ఉండాలి. దాంతోపాటు డెలివరీ చలాన్ మూడు ప్రతులు: ఒకటి తీసుకునేవారికి, ఒకటి బండికి, ఒకటి మనకు.

పాతపట్నంలో ఒక మోటారుకు 650. పర్లాకిమిడిలోనే ఇంకో వైండరు దొరికారు, 750. చలాన్, ఈ-వే బిల్లుల పనికి నాకు గంటన్నర పడుతుంది కాబట్టి 8 లోపు ఇక్కడే, 8 దాటితే అక్కడ. ఇద్దరినీ ఉంచుకున్నాను. నవంబరులో మామ కూతురి పెళ్ళి పనుల్లో ఉంటే ఇక్కడి ఆయనే ఆదుకున్నారు.

దశ 4: డబ్బు

ఇది ముందు చేయాల్సింది, ఆఖరున చేశాను.

కంపెనీ క్రెడిట్ నోటు వచ్చాకే దుకాణదారుకు జమ చేస్తాననేవాణ్ణి. వాళ్ళు 41 రోజులు ఎందుకు ఆగుతారు? కొత్త బిల్లులోంచి కోసుకునేవాళ్ళు, లేదా చెడిపోయిన వస్తువు చూపించేవాళ్ళే కాదు. చూపించకపోతే మాకు తెలిసేది గడువు దాటాకే.

అక్టోబరు నుంచి: వస్తువు బండెక్కిన 15వ రోజున జమ. కంపెనీ ఇచ్చినా ఇవ్వకపోయినా. సీలు చెదరని వారంటీ సరుకుకు పూర్తి ధర. దుకాణంలో పడి ఉండి గడువు దాటిన దానికి 40 శాతం. సరుకు పోయే దారి మేం ఎటైనా మార్చుకుంటాం, ఈ తేదీ మాత్రం మార్చం. ఒకసారి 14వ రోజునే నా దగ్గర డబ్బు లేకపోతే చిట్టీ డబ్బు తీసి ఇచ్చాను. అప్పటి నుంచే వీడియోలు అడగకుండా రావడం మొదలైంది.

అక్టోబరు–డిసెంబరులో తెచ్చిన 73 ఎటు పోయాయి:
కంపెనీకి 31, రిపేరుకు 24, విడిభాగాలకు 11, తుక్కుకు 7.

కంపెనీ లెక్క: దుకాణాలకు ముందే ఇచ్చింది 46,500. వచ్చిన క్రెడిట్ నోట్లు 24, విలువ 36,000. తిప్పి పంపినవి 4 (6,000). ఇంకా తేలనివి 3 (4,500).

రిపేరు లెక్క: ఫ్యాన్లు 10, చిన్న పనుల మిక్సీలు 9, రీవైండింగ్ మిక్సీలు 5. దుకాణాలకు ఇచ్చింది 16,240, బాగుచేసిన ఖర్చు 5,090. 'బాగుచేసిన సరుకు' అని బిల్లు మీద రాసి, మూడు నెలల సొంత గ్యారంటీతో అమ్మితే వచ్చింది 23,900. తేడా 2,570. అందులో రీవైండింగ్ చేసినవి రెండు తిరిగొచ్చాయి, 2,200 వాపసు.
మిగిలింది: 370 రూపాయలు.

మా బావమరిది ఆ 370తో బిర్యానీ తిందామన్నాడు. తిన్నాం, 40 చేతి నుంచి పడింది. ఇకనుంచి మిక్సీలకు రీవైండింగ్ మానేసి విడిభాగాలకే వాడుతున్నాం. ఆ ఐదింటి మీద 750 చొప్పున పెట్టి ఉండకపోతే లెక్క ఇంకోలా ఉండేది.

బల్బులు, వేరే బాధ

640 బల్బుల్లో 118 అసలు మా కంపెనీలవే కావు. ఎక్కడో సంతలో కొన్నవి మా సంచిలో చేరాయి. దుకాణదారును తప్పుపట్టలేం, గిరాకీ ఎదురుగా నిలబడితే మార్చి ఇచ్చేస్తాడు.

అమ్మేటప్పుడు నెల, ఏడాది మార్కర్‌తో రాయమన్నాం. బల్బు వేడికి, చేతి చెమటకు రెండు నెలల్లో చెరిగిపోయింది. ఇప్పుడు పాత హాక్సా బ్లేడు ముక్కతో మెడ దగ్గర గీతలు గీస్తారు, జనవరికి ఒకటి, ఫిబ్రవరికి రెండు, ఇలా ఆరు దాకా. తర్వాతి ఆరు నెలలకు అడ్డగీతతో మళ్ళీ ఒకటి నుంచి. గీత లేని బల్బు తీసుకోం. డిసెంబరులో వచ్చిన బల్బుల సంచి జూలై సంచిలో సగం కూడా లేదు. తూకం వేయలేదు, కళ్ళతో చూసిందే చెప్తున్నా.

ఇంకా తేలనివి (డిసెంబరు ఆఖరు)

పాత కుప్పలో మిక్సీలు, ఫ్యాన్లు 108. వాటిలో 19 ఏ లోపమూ లేనివి, 58 చిన్న రిపేరుతో బాగైనవి, 31 విడిభాగాలుగా విప్పినవి. గదిలో మిగిలింది 187 – 108 = 79. ఇస్త్రీపెట్టెలు, ఇండక్షన్ స్టౌలు, కెటిల్స్. వీటిని ముట్టుకోలేదు. ఇండక్షన్ బోర్డులు చూసే మనిషి మాకు ఇంకా దొరకలేదు. రెండు మేమే ప్రయత్నించి, ఫ్యూజుతోపాటు లోపలిదీ ఏదో పేల్చాం.

తుక్కు: 7 కొత్తవి, విప్పగా మిగిలిన బాడీలు, కాలిన వైండింగ్‌లు కలిపి 96 కేజీలు. పాత సామాన్ల వాడు రాగి కోసం ఊరవతల కాల్చేస్తాడు, ఆ పొగ మా వీధికే వస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల ప్రకారం ఇది రిజిస్టరైన రీసైక్లరుకే చేరాలి. మేం అడిగినతను 96 కేజీలకు బండి పంపనన్నాడు. గుణుపూర్ డీలరు దగ్గర ఎంత ఉందో అడిగాను, కాటా లేదన్నారు. సోమవారం బండిలో మన కాటా పంపిస్తున్నాను.